మామ్మగారి ఆమేన్

కంటికి కనపడనివాటికి కూడా దారి నియమించిన దేవునికి స్తోత్రం. గాలిలో మాట ఎంత దూరం పోవాలో, తీగలో కరెంటు పారితే దాని చుట్టూ ఉన్న బలం ఎటు తిరగాలో, అలసిన చెవిలోకి ఏది చేరాలో అన్నీ ఆయన ఎరుగును. ఆయన దాచిపెట్టినవాటిని వెతికే బుద్ధి కొందరికిచ్చాడు. తెలిసినంత మేరకు పని జరిపించే చేతులు ఇంకొందరికిచ్చాడు. అలాంటివాళ్ళిద్దరినీ ఒకే సంఘంలో పెట్టి, వాళ్ళ మధ్య టేపు పట్టుకుని నిలబడే భాగ్యం నాకిచ్చినందుకు ఆయనకే మహిమ.

నేను సైంటిస్టును కాను, ఇంజినీరునూ కాను. కోస్తాలో ఒక పాస్టరుగారి ఇంట్లో పుట్టాను. ఇప్పుడు అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉంటూ, దగ్గరలోని ఒక మందుల కంపెనీలో ఈ రెండు రకాలవాళ్ళూ చేసిన పనిని చదవదగ్గ ఇంగ్లీషులో పెట్టే ఉద్యోగం చేస్తున్నాను. వాళ్ళు చెబుతారు, నేను రాస్తాను, వాళ్ళు కొట్టేస్తారు. నేను ‘నిరూపించాం’ అని రాస్తే సైంటిస్టు దాన్ని కొట్టేసి ‘సూచిస్తోంది’ అని రాస్తాడు. నేను ‘గట్టిది’ అని రాస్తే ఇంజినీరు దాన్ని కొట్టేసి, ఎంత బరువు వరకు గట్టిదో రాస్తాడు. మొదట్లో ఇద్దరిమీదా విసుగొచ్చేది. కొన్నాళ్ళు పోయాక, అబద్ధమాడకూడదన్న ఆజ్ఞను నాకంటే వీళ్ళే శ్రద్ధగా పాటిస్తున్నారనిపించింది. ఇంకో సంగతి కూడా గమనించాను. ఏదైనా పాడైందని కబురు వస్తే సైంటిస్టు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటాడు. ఇంజినీరు కుర్చీలోంచి లేస్తాడు.

మా నాన్నగారు చిన్న ఊళ్ళ సంఘాలకు కాపరి. బైబిల్లో, ఎడారిలో దేవునికి కట్టిన ప్రత్యక్షపు గుడారం పాఠం వచ్చినప్పుడు ఆయన గొంతు మారేది. దేవుని ఆత్మతో నిండినవాడని లేఖనం చెప్పే తొలి మనుషుల్లో ఒకడు బంగారం, చెక్క, బట్ట పని తెలిసిన పనివాడని చెప్పి, వెనక వరసలో కూర్చున్న వడ్రంగులవైపు చూసేవారు. మరో ఆదివారం, గోడమీద మొలిచే చిన్న మొక్క దగ్గరనుంచి కొండమీది మహావృక్షం దాకా, పక్షులు చేపలు పురుగులు అన్నిటి గురించీ మాట్లాడగలిగిన జ్ఞానిరాజు గురించి చెప్పేవారు. ఆ ఇద్దరూ వేరువేరు గ్రంథాల్లో, వేరువేరు కాలాల్లో ఉన్నారు కాబట్టి వాళ్ళు ఒకరికొకరు ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అది నేను మా చర్చిలో ఒక శనివారం మధ్యాహ్నం విన్నాను.

మా తెలుగు సంఘం కూడుకునే హాలు ఒకప్పుడు ఫర్నిచర్ షాపు. పైన్ చెట్ల మధ్య పెద్ద పార్కింగ్ లాట్, అందులో ఒక మూల మా బోర్డు. లోపల మాత్రం అంతా మన పద్ధతే. చెప్పులు బయట, ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు, ముందు కుర్చీల ముందర కార్పెట్ మీద పరిచిన చాపలు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, నా పక్క కుర్చీ మామ్మగారిది. గోదావరి వైపునుంచి కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దావిడ. నాకు ఏ చుట్టరికమూ లేదు. సంఘంలో పసిపిల్లలనుంచి పాస్టరుగారి దాకా అందరికీ ఆవిడ మామ్మగారే.

ఆవిడ ఆమేన్ గురించి చెప్పాలి. పాస్టరుగారు ప్రార్థన చేస్తూ ఒక్కో మనవి దగ్గర ఊపిరి తీసుకుంటారు కదా, ఆ సందులో మామ్మగారి ఆమేన్ పడేది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా. మిగతా సంఘం ఆ ఆమేన్ వెనక నడిచేది. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు చదివేటప్పుడు ఆవిడ ఆమేన్ తమ పేరు మీద ఎంత గట్టిగా పడిందో చూసుకుని ధైర్యం తెచ్చుకున్నవాళ్ళను నేనెరుగుదును.

చెవులు తగ్గుతూ వచ్చాక ఆ ఆమేన్ కొంచెం ఆలస్యంగా రావడం మొదలైంది. తర్వాత మనవి మధ్యలో పడేది. పిల్లలు నవ్వుకుంటే ఆవిడకు అర్థమైంది. ఆపేశారు. చెవి మిషన్ పెట్టించారుగానీ, అది అన్నిటినీ ఒకే తీరున పెంచేది. డ్రమ్స్, ఏసీ, వెనక ఏడ్చే బిడ్డ, అన్నీ కలిసి చెవిలో పడితే వాక్యం ఎక్కడో అడుగున ఉండిపోయేది.

అప్పుడు పూనుకున్నవాడు మా సంఘంలోని ఇంజినీరు. వరంగల్ వైపు కుర్రాడు. కుర్రాడంటే ఇద్దరు పిల్లల తండ్రి, నాకు తమ్ముడి వయసు. పెద్ద భవనాలకు కరెంటు ఏర్పాట్లు చేసే కంపెనీలో పని. అతను రాకముందు, పండగ భోజనాల రోజు రైస్ కుక్కర్లన్నీ ఒకే ప్లగ్గుకి పెట్టి హాలంతా చీకటి చేసుకునేవాళ్ళం. అతను వచ్చాక ఏ కుక్కరు ఏ గోడకి పెట్టాలో టేపు ముక్కలు అంటించి ఉంటాయి. మామ్మగారి కోసం అతను హాలు చుట్టూ కార్పెట్ కింద ఒక సన్నని రాగి పట్టీ పరిచాడు. మైకులో పలికిన మాట కరెంటుగా ఆ పట్టీలో పారుతుంది. చెవి మిషన్‌లో ఒక చిన్న మీట నొక్కితే, అది గదిలోని గోలను వదిలేసి పట్టీలోని మాటను మాత్రమే అందుకుంటుంది. వైరు ఎక్కడా కనపడదు, చెవికి వేరే తగిలించుకోవాల్సిందేమీ లేదు.

మొదటి ఆదివారం మామ్మగారు వాక్యం మొదటినుంచి చివరిదాకా విన్నారు. పాస్టరుగారు నా చెవిలో కూర్చుని చెప్పినట్టుందని అంటూ కళ్ళు తుడుచుకున్నారు. ఇంజినీరు తల మీద చేయి పెట్టి చాలాసేపు దీవించారు. అతను మొహమాటంతో కేబుల్ చుడుతూ నిలబడ్డాడు. అందరం దేవునికి వందనాలు చెల్లించుకున్నాం. పని అయిపోయిందనుకున్నాం.

కొన్ని వారాలు గడిచాయి. ఆవిడ ఆమేన్ తిరిగి రాలేదని నేను గమనించాను. అలవాటు తప్పిపోయిందేమో అనుకున్నాను. ఒక ఆదివారం ఆవిడ కూతురు డ్యూటీలో ఉంటే నేనే ఇంటికి డ్రైవ్ చేసి తీసుకువెళ్తున్నాను. మామ్మగారు కిటికీలోంచి చూస్తూ, వచ్చే ఆదివారం బల్ల కదా అన్నారు. నెల మొదటి ఆదివారం మాకు ప్రభు రాత్రి భోజనం. అవునన్నాను.

“నేను తీసుకోను” అన్నారు.

కారు వేగం తగ్గించాను. ఆవిడ తీసుకోని బల్ల నా ఎరుకలో లేదు. జ్వరంతో కూడా కూతురిని బతిమాలి వచ్చేవారు.

“వాక్యం వినపడుతోందమ్మా. పాట వినపడుతోంది. నోటీసులు కూడా వినపడుతున్నాయి, ఎవరింట్లో కాటేజ్ ప్రేయరో కూడా. ప్రార్థన మొదలుపెట్టగానే ఆగిపోతుంది. ఆమేన్ అన్నాక మళ్ళీ వస్తుంది. ప్రతివారం అంతే. దేవుడు ప్రార్థనే వినపడకుండా చేస్తున్నాడంటే, నాలో ఏదో ఉంది. అదేంటో తెలుసుకోకుండా ఆ రొట్టె ఎలా ముట్టుకోమంటావు?”

నేను లేఖనం తెలిసినదాన్నే. ఆవిడకు చెప్పాల్సిన మాటలు నా దగ్గర ఉన్నాయి, చెప్పాను కూడా. కానీ ఆవిడ నాకంటే ఎక్కువ తెలిసినావిడ. తమ్మును తాము పరీక్షించుకోకుండా బల్లకు రాకూడదని మాకందరికీ నేర్పిందే ఆవిడ. వారం రోజులుగా తెల్లవారుజామున లేచి చిన్నప్పటినుంచీ చేసినవన్నీ వరసగా ఒప్పుకుంటున్నానని చెప్పారు. తోడికోడలితో ఆడిన మాట దగ్గర ఆగిపోయానన్నారు. ఆ తోడికోడలు ఇప్పుడు లేదు, క్షమాపణ అడగడానికి. చెబుతూ చెబుతూ ఏడ్చారు. నేను కారు పక్కకు ఆపి, ఆవిడ చేయి పట్టుకుని ప్రార్థన చేశాను. ఆవిడ తల వంచి విన్నారు. విన్నారనే అనుకున్నాను.

పాస్టరుగారు ఆ వారమే వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చారు. మామ్మగారు గౌరవంగా విని, బల్ల సంగతి మాత్రం మార్చుకోలేదు. నేను ఇంజినీరుకు ఫోన్ చేశాను. శనివారం మధ్యాహ్నం హాలు దగ్గర కలుద్దామన్నాడు.

అక్కడికి వెళ్ళేసరికి మా సైంటిస్టు కూడా ఉంది. గుంటూరు వైపు అమ్మాయి, ల్యాబ్‌లో ప్రోటీన్ల మీద పని, సంఘంలో పాటలు పాడుతుంది. ఆ రోజు ప్రాక్టీసుకని ముందే వచ్చింది. ఈమెను గురించి చెప్పాలంటే మళ్ళీ రైస్ కుక్కర్ల దగ్గరికే రావాలి. అదే బియ్యం, అవే నీళ్ళు పోసినా చివరి కుక్కరే ఎందుకు మాడుతుందని, అందరం వడ్డించుకుంటుంటే ఆమె గిన్నె వంచి అడుగు చూస్తూ ఉండేది. ఇంజినీరు ఆమెను డాక్టరమ్మా అని ఏడిపిస్తాడు. ఆమె అతన్ని ఇంజినీరు గారూ అంటుంది, ‘గారూ’ని కాస్త సాగదీసి.

ఇంజినీరు అప్పటికే అంతా చూసుకున్నాడు. యాంప్లిఫయర్ బాగుంది, పట్టీ ఎక్కడా తెగలేదు. పట్టీలోని మాటను అందుకునే, చేతిలో పట్టే చిన్న రిసీవరుకి ఇయర్‌ఫోన్ తగిలించుకుని హాలంతా నడిచాడు. ప్రతి మూలా మాట స్పష్టంగా ఉంది. అతని మొహం చిన్నబోయింది. పాడైనది కనపడితే బాగుచేసేవాడు. ఏదీ పాడవలేదు.

తర్వాత లైట్లమీద అనుమానం వచ్చింది. మా చర్చిలో ప్రార్థన సమయంలో లైట్లు తగ్గిస్తాం. తగ్గించే ఆ స్విచ్ వల్ల రొద పుట్టవచ్చన్నాడు. స్విచ్ మార్చేస్తాను, ప్రార్థన మైకు వేరేది పెడతాను, సౌండ్ కూడా పెంచుతాను, మూడింటిలో ఏదో ఒకటి పనిచేస్తుందని టూల్ బాక్స్ తెరిచాడు. సైంటిస్టు అతని చేయి ఆపినంత పని చేసింది.

“అన్నీ ఒకేసారి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలీదు.”

“బాగైతే సాలు గదా డాక్టరమ్మా. మామ్మగారికి రిపోర్టు ఇయ్యాల్నా?”

“ఎందుకు పోయిందో తెలీకుండా బాగుచేస్తే, అది మళ్ళీ పోయినరోజు ఆవిడ మళ్ళీ తన పాపాలు లెక్కపెట్టుకుంటారు.”

అతను టూల్ బాక్స్ మూత వేయలేదుగానీ, స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అతను ఆమె మాట విన్నందుకు అతన్ని మెచ్చుకున్నాను. అతనికున్న తొందర మామ్మగారి మీద ప్రేమ. ఆమె నిదానం కూడా అదే ప్రేమ. ఆ సంగతి చూడటానికి ఇన్నేళ్ళ ఉద్యోగం నాకు చాలలేదు, ఆ శనివారం కావలసివచ్చింది.

ఆమె నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. వాక్యానికీ ప్రార్థనకీ మధ్య హాలులో ఏమేం మారతాయి? లైట్లు తగ్గుతాయి. కీబోర్డు మెల్లగా వాయిస్తూ ఉంటారు. అందరూ కలిసి గొంతెత్తి ప్రార్థిస్తారు. ఆమె ఒక్కొక్కదాన్ని విడిగా పెట్టి చూసింది. లైట్లు తగ్గించాం, మాట పోలేదు. కీబోర్డు వాయించాం, పోలేదు. మైకులో మాట్లాడే పని నాది. ప్రార్థన చేయక్కా అంది. పరీక్షకోసం ప్రార్థన చేయడానికి నాకు నోరు రాలేదు, ఆ మాటే చెప్పాను. ఆమె అర్థం చేసుకుంది. నోటీసులు చదవమంది. ఆ మధ్యాహ్నం నేను వచ్చే శుక్రవారం ఉపవాసకూటం గురించి, పార్కింగ్ లాట్‌లో పక్క షాపువాళ్ళ చోట కార్లు పెట్టకూడదన్న సంగతి గురించి, ఖాళీ హాలుకు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు.

హాలులో మారేవన్నీ అయిపోయాయి. సైంటిస్టు మామ్మగారి కుర్చీవైపు తిరిగింది. తర్వాత అడిగింది, “మామ్మగారిలో ఏం మారుతుంది?”

ఏమీ మారదన్నాను. అందరిలాగే ప్రార్థన చేస్తారు. అలా కాదక్కా, ఆవిడ ఏం చేస్తారో మొదటినుంచి చెప్పమంది. చెప్పాను. కుర్చీలోంచి లేస్తారు. కొంగు తలమీద కప్పుకుంటారు. ముందున్న చాపమీద మోకరిస్తారు. నుదురు దాదాపు నేలకు ఆనేదాకా తల వంచుతారు. ఆమేన్ అన్నాక లేస్తారు. ఇందులో చెప్పడానికేముంది, మా అమ్మా అంతే, నేనూ అంతే.

సైంటిస్టు ఇంజినీరు చేతిలోని రిసీవరు తీసుకుంది. తలతోపాటు కదలాలని దాన్ని చెవి పక్కన పెట్టుకుని, చున్నీతో గడ్డం కిందనుంచి నెత్తిమీదికి కట్టుకుంది. పంటినొప్పి వచ్చినట్టుందని ఇంజినీరు నవ్వాడు. ఆమె పట్టించుకోకుండా మామ్మగారి కుర్చీలో కూర్చుని నన్ను నోటీసులు చదవమంది. వినపడుతోందని వేలెత్తింది. చున్నీ కొస తలమీద కప్పుకుంది. వేలు అలాగే ఉంది. మోకరించింది. వేలు అలాగే ఉంది. తల వంచింది.

వేలు దిగిపోయింది.

తల ఎత్తింది, వేలు లేచింది. వంచింది, దిగింది. కుర్చీలో కూర్చునే తల వంచి చూసింది, అప్పుడూ దిగింది. మోకాళ్ళమీదే ఉండి తల నిటారుగా పెట్టింది, లేచింది. నాకు చాలనిపించిన తర్వాత కూడా ఆమె చేస్తూనే ఉంది. ఆమె మొహంలో వెలుగు చూసి, ఆరాధనలో తప్ప అలాంటి మొహం నేను చూడలేదనుకున్నాను. అది కూడా ఆరాధనే కావచ్చు.

తర్వాత ఆమె మాకు చెప్పింది. చెవి మిషన్‌లో గింజంత తీగచుట్ట ఒకటి ఉంటుంది. మనిషి తల ఎత్తి ఉంటే అది నిలువుగా ఉంటుంది. పట్టీలోని కరెంటు వల్ల గది మధ్యలో పుట్టే అయస్కాంత బలం కూడా నిలువుగానే ఉంటుంది. రెండూ ఒకే దిక్కున ఉన్నంతసేపే మాట అందుతుంది. తల నేలకు వంచితే ఆ చుట్ట అడ్డం తిరుగుతుంది, మాట దాన్ని తాకకుండా పోతుంది. వాక్యం వినేటప్పుడు తల ఎత్తి ఉంటాం. నోటీసులకూ అంతే. ప్రార్థనకు మాత్రమే వంచుతాం.

ఇంజినీరు చాపమీద కూర్చుండిపోయాడు. రిసీవరు వైపు చూస్తూ అన్నాడు, “నేను కూడా ప్రార్థనల తల వంచుతా అక్కా. పుట్టినప్పటిసంది వంచుతున్న. టెస్ట్ చేసేటప్పుడు ఒక్కసారి గూడ వంచలే.”

ఆ తప్పు ఇంకెవరూ చేసుండరు. తల వంచే అలవాటు లేనివాళ్ళకు ఆ ఇబ్బందే రాదు. అలవాటు ఉన్న మాకు, అది ఊపిరి తీసుకోవడంలాంటిది కాబట్టి, చెప్పుకోవాల్సిన సంగతి అనే తోచలేదు.

తలెత్తి ప్రార్థన చేయమంటే సరిపోతుంది కదా అని నేనే అన్నాను. అన్నాక ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. “నువ్వు చెప్తావా అక్కా?” అంది సైంటిస్టు. చెప్పలేను. జీవితమంతా ఆ సన్నిధిలో వంగిన తలను ఒక మిషన్ కోసం ఎత్తమని ఎలా చెప్పను?

అప్పుడు ఇంజినీరు లేచాడు. ఇక అక్కడినుంచి ఆ మధ్యాహ్నం అతనిది. సైంటిస్టును ఒక్క ప్రశ్న అడిగాడు, ఆ బలం అడ్డంగా ఎక్కడైనా ఉంటుందా అని. ఉంటుంది, పట్టీకి సరిగ్గా పైన, అంది ఆమె. తీగ చుట్టూ అది గాజులా తిరుగుతుంది కాబట్టి, పక్కన నిలువుగా ఉన్నది నెత్తిన అడ్డం అవుతుంది. తన చేతి గాజు తీసి, పెన్ను దాంట్లో దూర్చి చూపించింది. అతను అప్పటికే కార్పెట్ అంచు లేపుతున్నాడు.

మామ్మగారి కుర్చీ ఎక్కడ, మోకరించినప్పుడు ఆవిడ తల ఎక్కడికి వస్తుంది, అన్నది నన్ను అడిగాడు. నేను మోకరించి చూపించాను. మామ్మగారు నాకంటే పొట్టి అని గుర్తుచేసి, కొంచెం వెనక్కి జరిగి మళ్ళీ చూపించమన్నాడు. అక్కడ సుద్దతో గీత గీశాడు. ముందు వరస పట్టీని మెల్లగా లేపి, ఆ గీత కిందుగా వచ్చేలా మళ్ళీ పరిచాడు. కుర్చీ మాత్రం గీతకు బాగా వెనక ఉండేలా చూశాడు, ఎందుకంటే పట్టీకి సరిగ్గా పైన కూర్చుంటే తలెత్తినప్పుడు మాట పోతుంది. కూర్చుంటే ఒక దిక్కు, వంగితే ఇంకో దిక్కు, ఆవిడ కదలిక ఎటైతే అటు మాట ఎదురెళ్ళాలి. కొలత టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. సైంటిస్టు మళ్ళీ చున్నీ కట్టుకుంది. కూర్చుంది, వేలు లేచింది. మోకరించింది, వంగింది. నుదురు చాపకు ఆనింది. వేలు లేచే ఉంది.

అంతటితో వెళ్ళిపోతాడనుకున్నాను. అతను కుర్చీ కాళ్ళ చుట్టూ కార్పెట్ మీద ఎర్ర టేపు ముక్కలు అంటించాడు. ఎందుకన్నాను. “శనివారం పొద్దుగూకి యూత్‌వాళ్ళు కుర్చీలు సర్దుతరు గదా, జరుపుతరు” అన్నాడు. సైంటిస్టు మెచ్చుకోలుగా తల ఊపింది. తనకు అది తోచేది కాదని ఒప్పుకుంది.

మామ్మగారికి ముందే చెప్పాలా వద్దా అన్నదాని మీద మాత్రం ఇద్దరూ పోట్లాడుకున్నారు. వారంనుంచి ఏడుస్తున్న మనిషికి ఇప్పుడే ఫోన్ చేయాలన్నాడు అతను. ముందే చెబితే, మనం కష్టపడ్డామని తెలిసి, వినపడకపోయినా వినపడిందనే అంటారు, ఆవిడ మనసు అలాంటిది, అంది ఆమె. ఇద్దరూ నావైపు చూశారు. నేను ఒకటే చెప్పాను. బల్లకు ముందు ఒక ప్రార్థన ఉంటుంది. ఆవిడ ఆమేన్ నాకు తెలుసు. వినపడితే అది దానంతటదే వస్తుంది. రాకపోతే, పళ్ళెం ఆవిడ దగ్గరికి చేరేలోగా నేనే చెవిలో చెబుతాను. దానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆదివారం మామ్మగారు తెల్లచీరలో వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి. కుర్చీ కాళ్ళ దగ్గర ఎర్ర టేపు చూసి, పిల్లలు ఏదో ఆడుకున్నారనుకున్నారు. ఆరాధన జరిగింది, వాక్యం అయింది. తెల్లగుడ్డ కప్పిన బల్ల ముందు పాస్టరుగారు నిలబడి ప్రార్థన చేసుకుందామన్నారు. మామ్మగారు లేచి, కొంగు కప్పుకుని, చాపమీద మోకరించారు. నేను పక్కన. తల వంచాను గానీ కళ్ళు మూయలేదు, దేవుడు క్షమించుగాక. మగవాళ్ళ వైపు సౌండ్ బోర్డు దగ్గర ఇంజినీరు నిలబడి ఉన్నాడు. పాటలవాళ్ళలో సైంటిస్టు మైకు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

పాస్టరుగారు మెల్లగా మొదలుపెట్టారు. మొదటి మనవి అయింది. మామ్మగారి వీపు ఒక్కసారి బిగుసుకుంది. ఆవిడ తల ఎత్తబోయి, ఎత్తలేదు. రెండో మనవి రోగులకోసం. పాస్టరుగారు ఊపిరి తీసుకునే ఆ సందు వచ్చింది.

“ఆమేన్.”

అందరికంటే ముందు. బొంగురుగా, భయంభయంగా, కానీ సరిగ్గా ఆ సందులో. తర్వాతి మనవికి ఇంకొంచెం గట్టిగా. ఆ తర్వాతి దానికి సంఘమంతా ఆవిడ వెనక నడిచింది. పాటలవాళ్ళ వైపు చూశాను. సైంటిస్టు తల వంచుకుని ఏడుస్తోంది. ఇంజినీరు చేతి వెనకతో ముక్కు తుడుచుకుని, వెంటనే సౌండ్ బోర్డు మీదికి వంగాడు, అక్కడేదో పని ఉన్నట్టు.

పళ్ళెం మా వరసకు వచ్చింది. మామ్మగారు దాన్నొకసారి చూసి, రొట్టె ముక్క తీసుకున్నారు. నేను ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

భోజనాల దగ్గర ముగ్గురం ఆవిడకు సంగతి చెప్పాం. గాజూ పెన్నూ మళ్ళీ బయటికి వచ్చాయి. ఆవిడ చాలాసేపు విన్నారు.

“అయితే నా పాపం కాదన్నమాట” అన్నారు.

కాదు మామ్మగారూ అన్నాడు ఇంజినీరు, నా పట్టీ.

“సరే నాయనా. కానీ ఒప్పుకున్నవన్నీ ఒప్పుకున్నట్టే. వాటిని వెనక్కి తీసుకోను.” నవ్వారు. ఆ నవ్వు విని నెలలైంది. పులిహోర గిన్నె ఇంజినీరు వైపు జరిపి, సైంటిస్టు చేయి పట్టుకుని, “నేనెందుకు తల వంచుతానో నువ్వు అడగలేదమ్మా. ఎలా వంచుతానో అడిగావు. అది బాగుంది” అన్నారు.

ఆ మాట నేను ఆఫీసులో కూడా తలచుకుంటూ ఉంటాను. సైంటిస్టు మామ్మగారిలాగా మోకరించి, ఉన్నది ఉన్నట్టు చూసింది. చూశాక, ఆమెకు సంబంధించినంతవరకు పని ముగిసింది. ఇంకో ప్రశ్న కూడా పుట్టింది, కొంగు పట్టుదైతే ఏమవుతుందని ఆ రోజు భోజనాల దగ్గర అడిగింది. ఇంజినీరు అది చూసిన వెంటనే, పట్టీని ఆవిడ వంగిన తల కిందికి తెచ్చాడు, కుర్చీలు సర్దే పిల్లల చేతులదాకా ఆలోచించాడు. ఒకరు లేకపోతే మేము స్విచ్‌లు మారుస్తూ ఉండేవాళ్ళం. ఇంకొకరు లేకపోతే కారణం తెలిసి కూడా ఆవిడను తలెత్తమనేవాళ్ళం. ఆ గుడారం పనివాడూ, మొక్కల సంగతి తెలిసిన ఆ రాజూ కలిసి ఉంటే ఇలాగే పోట్లాడుకునేవాళ్ళేమో, ఒకరు టేపూ ఒకరు గాజూ పట్టుకుని.

చదువుతున్న మీరు ఏ ఊళ్ళో ఉన్నా, కూర్చుని ఉన్నా నిలబడి ఉన్నా, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచమని అడుగుతున్నాను.

ప్రభువా, ల్యాబుల్లో ఈ రోజు గిన్నె అడుగు వంచి చూస్తున్నవాళ్ళను జ్ఞాపకం చేసుకో. తెలియనిదాన్ని తెలియదనే ధైర్యం వాళ్ళకు తగ్గనివ్వకు. కార్పెట్లు లేపి, తీగలు పరిచి, రేపు ఎవరో కుర్చీ జరుపుతారని ఈ రోజే టేపు అంటించేవాళ్ళను దీవించు. వాళ్ళ చేతులకు బలమివ్వు, వాళ్ళు చేసింది నిలబడనివ్వు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినేటట్టు చెయ్యి. నీ మాట తమకు ఆగిపోయిందని ఎక్కడో ఒంటరిగా ఏడుస్తున్నవాళ్ళ పక్కన, వాళ్ళలాగే మోకరించి చూసేవాళ్ళను పంపు.

ఇక్కడ పాస్టరుగారు ఊపిరి తీసుకుంటారు. ఈ సందులో పలకాల్సిన మాట మీది.